కూర్చున్న ఒళ్లు, పెట్టెలో పాలసీ

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం, శ్రీకాళహస్తి)



ప్రతి ఏడూ మా వంతు వచ్చేసరికి రక్తహీనత, మరుగుదొడ్లు, బాలింతల తిండి గురించి చెబుతా వచ్చాం. అవి ముగిసిపోయిన సంగతులేం కావు. అయితే ఈ ఏడు సంఘాల్లో తిరిగినప్పుడు రెండు మాటలు పదేపదే మా చెవిన పడ్డాయి. ఒకటి, "అక్కా, నడుము పట్టేస్తా ఉంది, మోకాళ్లు వంగడం లేదు, షుగరు కూడా ఉందంటా ఉన్నారు" అని. రెండోది, "ఏజెంటు ఇంటికొచ్చి హెల్త్ పాలసీ కట్టమంటున్నాడు, కట్టొచ్చా?" అని. అడిగినవాళ్లు వీటిని వేరువేరుగానే అడిగారు. మేము కూర్చొని మాట్లాడుకుంటే రెండూ ఒకే తాడుకు రెండు కొసలని తెలిసొచ్చింది. అందుకే ఈసారి ఒళ్లు కదలకపోవడం గురించి, జబ్బు రాకుండా చూడటంలో ప్రైవేటు ఆరోగ్య బీమా ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్న దాని గురించి చెబుతాం.

"కదలకపోవడమా? మేమా? పొద్దున నాలుగింటికి లేచి రాత్రి పదింటికి పడుకునేదాకా నడుము వాల్చం గదా!" అని మీరు అంటారు. మేము ఈ మాట ఎత్తిన ప్రతి సంఘంలోనూ ఇదే జవాబు వచ్చింది, కొంచెం కోపంగా కూడా వచ్చింది. కోపం న్యాయమే. అయితే అలసిపోవడం వేరు, ఒళ్లు కదలడం వేరు. పొయ్యి ముందర రెండు గంటలు నిలబడితే కాళ్లు గుంజుతాయి, గుండెకు మాత్రం పని పడదు. మిషను ముందర ఆరు గంటలు కూర్చుంటే మెడ విరిగినట్టు ఉంటుంది, తొడల్లోని కండకు పని ఉండదు. సాయంత్రానికి పిండిపిండి అయిపోతాం, కానీ ఒళ్లు మాత్రం కూర్చున్నట్టే లెక్క.

కదలిక అంటే ఎంత అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత పెట్టింది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు, ఓ మోస్తరు వేగంతో చేసే కదలిక కావాలి. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. దాంతోపాటు వారానికి రెండు రోజులైనా కండకు బలం వచ్చే పని ఉండాలి. ఓ మోస్తరు అంటే ఏమిటో తెలుసుకోవడానికి మిషను అక్కర్లేదు. నడిచేటప్పుడు పక్కనున్న అక్కతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. బజారులో కూరగాయలు బేరమాడుతూ నడిచే నడక దీని కిందకు రాదు.

ఈ కొలతతో చూస్తే మన దేశం ఎట్లా ఉందో 2024 జూన్‌లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో లెక్కలు వచ్చాయి. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. 2000లో ఇది నూటికి 22 మంది దగ్గర ఉండేది. ఇరవై రెండేళ్లలో రెట్టింపు దాటింది. మగవాళ్లలో నూటికి 42 మంది, ఆడవాళ్లలో నూటికి 57 మంది. ఇంటి చాకిరీ అంతా మన నెత్తినే ఉన్నా కదలిక తక్కువైంది మనకే. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక సంఘంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మన ఊరి పనులే తీసుకోండి. శ్రీకాళహస్తి అంటే గుడి, గుడి తర్వాత కలంకారీ. ఆ పనిలో ఒకప్పుడు ఎంత కదలిక ఉండేదో పెద్దవాళ్లు చెబుతారు. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టడం, పిండడం, ఎండేయడం, స్వర్ణముఖిలో పారే నీళ్లలో నిలబడి ఉతకడం, కట్టెల పొయ్యి మీద ఉడకబెట్టడం. ఇప్పుడు ఏటిలో పారే నీళ్లు ఏడాదిలో కొన్ని రోజులే. మన సభ్యుల్లో చాలామంది చేసేది బొమ్మకు గీత గీయడం, రంగు నింపడం. నేల మీద బల్ల పెట్టుకొని, వంగి, పూట పూటంతా కలం పట్టుకొని కూర్చోవడమే. చీర పూర్తయ్యేసరికి ఎన్ని వారాలు కూర్చున్నామో లెక్క ఉండదు. కూలి మాత్రం చీరకు లెక్క, నడుముకు కాదు.

కుట్టుపని చేసేవాళ్ల సంగతీ ఇంతే. గుడి చుట్టూ పూజ సామాన్ల అంగళ్లలో కూర్చునే వాళ్లదీ ఇంతే. సంఘం లెక్కలు రాసే అక్కలం మేమూ తక్కువేం కాదు, పుస్తకాల తర్వాత ఇప్పుడు ఫోనులో కూడా ఎక్కించాలి. నీళ్లకు కొళాయి, పిండికి మిక్సీ, వంటకు గ్యాసు, బజారుకు ఆటో.

ఇక్కడ ఒక మాట. రోలు, రోకలి రోజులే బాగుండేవని కొందరు పెద్దమనుషులు సభల్లో చెబుతుంటారు. మేము అట్లా అనం. బిందె మీద బిందె మోసి, కాన్పయిన పదిహేనో రోజుకే కూలికి పోయి, గర్భసంచి జారి జీవితాంతం ఎవరికీ చెప్పుకోలేక బతికిన అమ్మలు, అత్తలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ చాకిరీ తగ్గడం మంచిదే. పోయిన కదలిక స్థానంలో ఇంకో కదలిక రాలేదు, అదీ కష్టం.

కదలకపోతే లోపల ఏమవుతుంది? మనం తిన్న సంగటి, అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెరను జాస్తిగా వాడుకునేది కండ. కండ పనిచేస్తే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, ఇన్సులిన్ సాయం తక్కువున్నా లాక్కుంటుంది. కండ ఊరికే ఉంటే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతా ఉంటుంది. అందుకే తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే షుగరు అంత పైకి పోదు. నడక మందుకు బదులు కాదు. మందు వేసుకునేవాళ్లు మానకూడదు. కానీ అదే మాత్ర, నడిచే ఒంట్లో ఒక రకంగా, కూర్చున్న ఒంట్లో ఇంకో రకంగా పనిచేస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి కాన్పు తర్వాత పోయినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకు తర్వాత షుగరు వచ్చే అవకాశం మిగతా వాళ్లకంటే ఎక్కువ. ఆ సంగతి కాన్పయ్యాక ఎవరూ గుర్తు చేయరు.

భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్ల పైన. వచ్చే దారిలో ఉన్నవాళ్లు 13 కోట్ల పైన. ఈ రెండో లెక్క మనకు ముఖ్యం. దారిలో ఉన్నవాళ్లు వెనక్కి మళ్లొచ్చు. మళ్లాలంటే ముందు ఆ దారిలో ఉన్నామని తెలియాలి.

ఇప్పుడు బీమా సంగతికి వస్తాం.

మనలో చాలామందికి ప్రభుత్వ కార్డు ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మొదట్లో ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారానే నడిచింది, తర్వాత ట్రస్టే స్వయంగా నడిపింది. మళ్లీ 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానానికి ఒప్పుకుంది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు ఖర్చు బీమా కంపెనీలు చూస్తాయి, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చూస్తుంది. అంటే ప్రైవేటు బీమా అనేది ఎక్కడో పట్నంలో ఉద్యోగస్తుల వ్యవహారం కాదు, మన కార్డు లోపలికి కూడా వస్తా ఉంది. దాని తీరు మనం తెలుసుకోవాల్సిందే.

ఈ కార్డు వల్ల ఎన్ని కుటుంబాలు నిలబడ్డాయో మాకు తెలుసు. గుండె ఆపరేషనుకు, క్యాన్సరుకు, డయాలసిస్‌కు పొలం అమ్మకుండా, మనిషిని పోగొట్టుకోకుండా బయటపడ్డ ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. దాన్ని తక్కువ చేయం. కానీ డయాలసిస్‌కు డబ్బు వచ్చేది కిడ్నీ పాడయ్యాక. కిడ్నీ పాడవడానికి ముందు పదేళ్లు షుగరు, బీపీ ఎవరూ చూడకుండా ఒంట్లో పనిచేసుకుంటా పోయాయి. ఆ పదేళ్లలో ఏ కార్డూ మన తలుపు తట్టదు. ప్రైవేటు పాలసీ కూడా చాలావరకు ఇంతే. మామూలుగా ఆసుపత్రిలో చేరి 24 గంటలు ఉంటేనే డబ్బిస్తుంది, కొన్ని చికిత్సలకు మినహాయింపు ఉంటుంది. నెలనెలా వేసుకునే బీపీ మాత్ర, డాక్టరు ఫీజు చాలా పాలసీల్లో ఉండవు. బండి బోల్తా పడ్డాక క్రేను పంపించే ఏర్పాటు అది, బ్రేకులు సరిచేసేది కాదు.

అట్లాగని జబ్బు రాకుండా చూడటంలో ప్రైవేటు పాలసీకి పాత్ర లేదా అంటే, ఉంది. చాలా పాలసీల్లో ఏడాదికి ఒకసారి ఉచితంగా ఆరోగ్య పరీక్షలు ఉంటాయి. కొన్నిట్లో రెండేళ్లకో, నాలుగేళ్లకో ఒకసారి. క్లెయిము చేయని ఏడాదికి బోనసు ఉంటుంది. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఇంకో దారి తెరిచింది. ఆరోగ్యం కాపాడుకునే పాలసీదారులకు పాయింట్లు, పాలసీ తిరిగి కట్టేటప్పుడు తగ్గింపులు ఇవ్వొచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటి నుంచి ఫోనులో అడుగులు లెక్కపెట్టి, ఇన్ని అడుగులు వేస్తే ఇంత తగ్గింపు అనే పాలసీలు పెరిగాయి. దీనికి పెద్ద నమూనా దక్షిణాఫ్రికాలో ఉంది. అక్కడ డిస్కవరీ అనే బీమా కంపెనీ 1997లో వైటాలిటీ అనే పథకం పెట్టింది. వ్యాయామం చేస్తే, పరీక్షలు చేయించుకుంటే పాయింట్లు, పాయింట్లకు రాయితీలు. ఆ ఆలోచనే తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

కంపెనీ ఎందుకిస్తుంది? మన మీద ప్రేమతో కాదు. మనం జబ్బు పడకపోతే వాళ్లకు ఖర్చు తగ్గుతుంది. అందులో తప్పు లేదు, ఇద్దరికీ లాభమున్న బేరమే. అయితే ఈ బేరంలో రెండు లొసుగులు మాకు కనబడ్డాయి.

మొదటిది, ఈ పాయింట్లు ఎవరికి చేరుతున్నాయి? మంచి ఫోను ఉండి, ఆ ఫోను తన దగ్గరే ఉండి, ఇంగ్లీషు చదవగలిగి, నడవడానికి చోటున్న మనిషికి. మన ఇళ్లలో ఫోను పిల్లోడి చేతిలో ఉంటుంది. మన అడుగులు లెక్కకు రావాలంటే ముందు ఫోను మన కొంగున ఉండాలి. ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు 5,000 మంది ఉద్యోగులతో ఒక పరిశీలన చేశారు. చీటీలు తీసినట్టు కొందరికి ఆరోగ్య కార్యక్రమంలో చేరే అవకాశం ఇచ్చి, డబ్బు ప్రోత్సాహకాలు కూడా ఇచ్చారు. మిగతావాళ్లకు ఇవ్వలేదు. మొదటి ఏడాది చూస్తే వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేరినవాళ్లు ముందు నుంచే ఆరోగ్యంగా, తక్కువ ఖర్చుతో ఉన్నవాళ్లని తేలింది. 2019లో అచ్చయిన ఫలితం ఇది. నడిచేవాళ్లకే బహుమతి, కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే.

రెండోది ఇంకా లోతైనది. పాలసీ ఏడాదికేడాది కట్టేది. 2011 నుంచి మన దేశంలో ఒక కంపెనీ పాలసీని ఇంకో కంపెనీకి మార్చుకోవచ్చు కూడా. ఇది మనకు మేలే. కానీ కంపెనీ వైపు నుంచి ఆలోచించండి. ఈ రోజు మన నడక మీద డబ్బు పెడితే దాని ఫలం పదేళ్లకు వస్తుంది. అప్పటికి మనం ఆ కంపెనీలో ఉంటామో లేదో. పక్క కంపెనీ లాభం కోసం తాను పెట్టుబడి పెట్టే వ్యాపారి ఉంటాడా? అందుకే ముందుజాగ్రత్త మీద కంపెనీలు పెట్టేది కొంచెమే. పాలసీ అమ్ముడుపోవడానికి ఎంత కావాలో అంత.

పదేళ్లు, ఇరవై ఏళ్లు ఒకరినొకరు వదలకుండా ఉన్నది ఎవరు? సంఘం. మన సంఘాల్లో పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు చేరి ఇప్పుడు మనవళ్లను ఎత్తుకొని సమావేశానికి వచ్చేవాళ్లు ఉన్నారు. ఒక సభ్యురాలు పక్షవాతంతో పడిపోతే కంతు ఆగేది సంఘంలో, ఆ ఇంటికి గంజి తీసుకుపోయేది సంఘం. మన దశసూత్రాల్లో ఆరోగ్యం, పోషణ కూడా ఉన్నాయి. పొదుపు, అప్పు, కంతు వరకు గడగడా చెబుతాం, ఆరో సూత్రం దగ్గర గొంతు తగ్గుతుంది.

ఇక మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టిన సంగతి. కొన్ని సంఘాల్లో అక్కలు పరీక్ష చేయించుకోవడానికే ఒప్పుకోలేదు. ఎందుకంటే, "షుగరు ఉందని తేలితే పాలసీ ఇవ్వరంట. తేలకపోతే ఇస్తారంట. ముందు పాలసీ తీసుకొని తర్వాత చూపించుకుంటాం." ఈ మాట వాళ్లకు ఎవరు చెప్పారో మేము అడగలేదు. ముందుజాగ్రత్త కోసమని వచ్చిన బీమా, పరీక్షకే అడ్డం నిలబడితే అదేం బీమా? ఒక సభ్యురాలు అప్పటికే మాత్రలు వేసుకుంటా ఉండి, ఫారంలో ఆ మాట లేకుండా పాలసీ తీసుకుంది. ఫారం నింపింది వేరేవాళ్లు, ఆమె సంతకం పెట్టింది. రెండో ఏడు కాలికి పుండై ఆసుపత్రిలో చేరితే పాత చీటీలు చూసి క్లెయిము కొట్టేశారు. రెండేళ్లు కట్టిన ప్రీమియం పోయింది, ఆసుపత్రి ఖర్చు సంఘంలో అప్పయింది. కాలి వేలు కూడా పోయింది.

అందుకని గట్టిగా చెబుతున్నాం. ఉన్న జబ్బు రాయండి. రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెరగొచ్చు. కొన్ని కంపెనీలు కాదనొచ్చు. కాదంటే ఇంకో కంపెనీని అడగొచ్చు. ఇస్తే, ఆ జబ్బుకు కొంతకాలం ఆగాలి. 2024 నుంచి ఈ ఆగే కాలం మూడేళ్లకు మించకూడదని నిబంధన ఉంది, అంతకు ముందు నాలుగేళ్లు ఉండేది. ఈ మూడేళ్లు పాలసీ కట్టిన రోజు నుంచి నడుస్తాయి. దాచిపెడితే ఏ మూడేళ్లూ మన లెక్కలోకి రావు. ప్రభుత్వ కార్డుకు మాత్రం ఈ బెడద లేదు, షుగరు ఉందని తేలినంత మాత్రాన కార్డు ఎక్కడికీ పోదు. కార్డు ఉన్నవాళ్లు పరీక్షకు భయపడటానికి అసలు కారణమే లేదు.

పరీక్షకు ప్రైవేటు పాలసీయే అక్కర్లేదు కూడా. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఊళ్లో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడిగితే చాలు. 104 బండి వచ్చే రోజు కనుక్కోండి. బండి వచ్చినప్పుడు మనం కూలిలో ఉంటాం, నిజమే. ఆ తేదీ ముందే తెలిస్తే సంఘం సమావేశం అదే రోజు పెట్టుకోవచ్చు గదా.

పాలసీ గురించి ఇంకొన్ని ముక్కలు. ఇవి మేము కూర్చొని, చదువుకున్న పిల్లల సాయంతో తెలుసుకున్నవి.

మొదట ఇంట్లో అడగండి. కొడుకో కూతురో చెన్నైలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తా ఉంటే, కంపెనీ ఇచ్చే బీమాలో అమ్మానాన్న పేర్లు కూడా చేర్చుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది. శ్రీసిటీలో పనిచేసే అమ్మాయిల్లో ఈఎస్ఐ ఉన్నవాళ్లున్నారు. వాళ్ల మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా అందులో వైద్యం ఉంటుంది. మేము అడిగించిన తర్వాత ఒక అక్కకు తెలిసింది, మూడేళ్లుగా ఆమె పేరు కొడుకు పాలసీలో ఉందని, ఏడాదికొకసారి ఉచిత పరీక్ష కూడా ఉందని. మూడు పరీక్షలూ అట్లే పోయాయి. కొడుక్కీ ఆ సంగతి తట్టలేదు, పాపం.

విడిగా కొనాలనుకుంటే, కార్డు ఉన్నవాళ్లు సంఘంలో అప్పు తీసి ప్రీమియం కట్టొద్దని మా ఉపసంఘం అభిప్రాయం. అప్పు తీర్చేలోపు ఇంకో ఏడాది ప్రీమియం వచ్చి కూర్చుంటుంది. కార్డు లేని కుటుంబాలైతే పాలసీ గురించి నిజంగానే ఆలోచించాలి, చిన్న వయసులో మొదలుపెడితే మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ ఎత్తేశారు. అంతకు ముందు 18 శాతం ఉండేది. పదివేల ప్రీమియానికి 1,800 రూపాయల పన్ను తగ్గింది. ఇంకా ఎవరైనా ఆ పన్ను అడిగితే రసీదు అడగండి. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. పాలసీ సారాంశం ఒక కాగితంలో ఉంటుంది, అది తెలుగులో కావాలని అడగొచ్చు. క్లెయిము అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాయాలి, తర్వాత 155255కు ఫోను చేయొచ్చు, అక్కడా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకులో ఏటా మన ఖాతా నుంచి 20 రూపాయలు, 436 రూపాయలు పోయేవి ప్రమాద బీమా, జీవిత బీమా. వాటిని ఆరోగ్య బీమా అనుకొని ఆసుపత్రికి పోయినవాళ్లున్నారు. అవి వేరు.

మళ్లీ నడక దగ్గరికి వస్తాం. నడవాలని అందరికీ తెలుసు. ఎక్కడ నడవాలి? గుడి చుట్టూ వీధుల్లో భక్తులు, ఆటోలు, బస్సులు. ఏటి గట్టున చీకటి. ఊళ్లలో కుక్కలు. ఎండాకాలంలో ఎనిమిదింటికే నిప్పులు. వీటన్నిటికంటే పెద్దది నోరు: "పనీపాటా లేక తిరుగుతా ఉంది" అనే నోరు. అది అత్తదో ఆడబిడ్డదో అయితే ఇంకా కష్టం. ఒంటరిగా నడిచే కోడలిని అంటారు. పది మంది కలిసి పోతే "సంఘం పని" అంటారు. ఇన్నేళ్లలో మనం బ్యాంకుకు, మండలం ఆఫీసుకు ఎట్లా పోగలిగామో నడకకూ అట్లాగే పోవాలి.

కనుమ నాడు స్వామి, అమ్మవార్లతో పాటు కైలాసగిరి చుట్టూ గిరిప్రదక్షిణకు మనలో ఎందరో పోతాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరిన అక్కలున్నారు ఈ సభలో. అంటే నడవలేక కాదు. ఏడాదికి ఒకరోజు కొండ చుట్టి వారం రోజులు మోకాళ్లకు మందు రాసుకుంటాం. అదే రోజూ అరగంట నడిచే మనిషికి మోకాళ్ల పర్వతం దగ్గర తేడా తెలుస్తుంది. కూర్చొని పని చేసేవాళ్లు అరగంటకోసారి కలం పక్కన పెట్టి, లేచి రెండు నిమిషాలు తిరగండి. రంగు ఆరేలోపు లేవొచ్చు. గోడకు చేతులానించి ముందుకు వెనక్కి పది సార్లు, కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం పది సార్లు, ఇవి కండకు బలం ఇస్తాయి. షుగరు ఉన్నవాళ్లు చెప్పులు లేకుండా నడవొద్దు, గుడికి పోయినా ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకోండి. మందులు వేసుకునేవాళ్లు కొంగున ఒక బెల్లం ముక్క పెట్టుకోండి. నడిచేటప్పుడు గుండెలో పట్టేసినట్టున్నా, మామూలుకు మించి ఆయాసమొచ్చినా ఆగి డాక్టరుకు చూపించుకోవాలి. ముందు నుంచే గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఈ ఏడాదికి ఉపసంఘం మీ ముందు పెడుతున్న ప్రతిపాదనలు ఇవి. ప్రతి సంఘం సమావేశానికి ముందు అందరూ కలిసి ఇరవై నిమిషాలు నడవాలి, మినిట్స్ పుస్తకంలో హాజరు పక్కనే అది రాయాలి. ముప్పై దాటిన ప్రతి సభ్యురాలికి ఆరు నెలల్లోపు బీపీ, షుగరు పరీక్ష జరిగిందా లేదా అని గ్రామ సంఘం లెక్క పెట్టాలి. జరిగిందా లేదా అన్నదే అడగాలి, అంకె ఎంతొచ్చిందో సమావేశంలో అడగొద్దు, అది ఆమె సొంత సంగతి. సాయంత్రాలు, తెల్లవారుజామున బడి మైదానాల గేట్లు ఆడవాళ్లకు తెరిచి ఉంచమని, ఏటి గట్టున దీపాలు పెట్టమని మునిసిపాలిటీకి, పంచాయతీలకు సమాఖ్య తరఫున అర్జీ ఇవ్వాలి. ఏ బీమా ఏజెంటైనా సంఘంలో పాలసీ అమ్మాలంటే ముందు ఉపసంఘం ముందర తెలుగులో వివరించాలి, ఫారాలు సభ్యుల ఎదుటే, సభ్యులు చెప్పినట్టే నింపాలి. వీటిలో అర్జీ సంగతి తేలడానికి ఎన్నాళ్లు పడుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మిగతా మూడింటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వచ్చే నెల సమావేశానికి పాలసీ కాగితాలున్నవాళ్లు ట్రంకు పెట్టెలోంచి తీసి తెచ్చుకోండి. కొడుకు పాలసీ అయితే ఫోనులో పంపించమనండి, కలిసి చదువుదాం. చదివిపెట్టడానికి ఇద్దరు డిగ్రీ పిల్లలు వస్తామన్నారు. ఆ రోజు ఆటో ఎక్కకుండా నడిచి రండి.